గిరాకీ తినడం లేదు

డిసెంబరు 1, సోమవారం

భాష చెప్పే మేడం రోజుకో కొత్త మాట రాసుకోమన్నారు. ఒక్క మాట ఏ మూలకి? అందుకే ఈ నోటుబుక్కు. ఇది మేడంకి చూపించేది కాదు, ఎవరికీ చూపించేది కాదు.

ఇవాళ్టి మాట: ఒడుపు. తాత వాచీ వెనక మూత తీసే తీరు చూస్తే ఆ మాట దానికోసమే పుట్టిందనిపిస్తుంది.

తాత ఆస్పత్రిలో చేరి నాలుగు రోజులైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మూడూ ఒకే ఉదయం పోయాయి. మొదటి రెండూ కొంత తిరిగొస్తాయని డాక్టరు చెప్పాడు. మూడోదాని సంగతి అమ్మ అడిగితే "చూద్దాం" అన్నాడట. ఎంత చిన్న మాట, ఎంత పెద్ద తలుపు వేసేస్తుందో.

మా ముందుగదే తాత కొట్టు. వాచీలు, గోడ గడియారాలు బాగుచేస్తాడు. ఇప్పుడు షట్టరు దించి ఉంది. "ఆ బల్ల ఖాళీగానే ఉంది కదా, పరీక్షలయ్యేదాకా అక్కడ చదువుకో" అన్నాడు నాన్న. పట్టకార్లు, సన్న స్క్రూడ్రైవర్లు డబ్బాలో సర్దేశాను. బల్ల లైటుకి పాతకాలం పసుపు బల్బు ఉంది. దాని కింద పుస్తకం తెరిస్తే నెత్తిన ఇస్త్రీపెట్టె పెట్టినట్టు ఉంటుంది, పది నిమిషాల్లో నిద్ర. అది తీసేసి తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టాను. అక్షరాలు స్నానం చేసొచ్చి కూర్చున్నట్టున్నాయి. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

బల్ల ఎడమ పక్క, లైటు కిందే, గాజుపెట్టెలో గిరాకీ ఉంటుంది. దాని పేరు కథ రాసి పెట్టుకోవాలి, తాత ఇప్పుడు చెప్పలేడు కనక. ఆరేళ్ళ కిందట ఒకాయన గోడ గడియారం ఒకటి ఇచ్చి, "ఊరెళ్తున్నానండీ, రెండు రోజులు దీన్ని కూడా చూసుకోండి" అని ఒక డబ్బా పెట్టి వెళ్ళాడు. డబ్బాలో మచ్చల బల్లి, పెంపుడుది. ఆయన మళ్ళీ రాలేదు. గడియారం చీటీతో సహా ఇప్పటికీ గోడకే ఉంది, సరైన టైము చూపిస్తూ. బల్లి పేరు గిరాకీ అయింది. "పొద్దున్నే కొట్టు తెరిస్తే మొదటి గిరాకీ ఇదే. బేరమాడదు, తొందరపెట్టదు, నిన్న ఇచ్చింది ఇంకా కాలేదా అనదు" అంటాడు తాత.

అంటాడు అని రాశాను. ఉండనీ.

డిసెంబరు 3, బుధవారం

గిరాకీ నిన్నా ఇవాళా తినలేదు. తవుడు డబ్బాలోంచి నాలుగు పిండిపురుగులు ఏరి గిన్నెలో వేశాను. అవి గిన్నె చుట్టూ ఊరేగుతూనే ఉన్నాయి. అది వాటి వంక కూడా చూడలేదు.

మాట: మందకొడి.

డిసెంబరు 4, గురువారం

దొరికింది. బెంగ.

ఈ మాటకి సాటి వచ్చే మాట వేరే లేదు. దిగులు వేరు, విచారం వేరు. బెంగలో ఎదురుచూపు ఉంది. అమ్మతో చెప్పాను, గిరాకీ తాత మీద బెంగ పెట్టుకుందని. అమ్మ యూనిఫారాలు కుట్టే కంపెనీ నుంచి అప్పుడే వచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"బల్లికి బెంగేమిటే?"

"మరెందుకు తినడం లేదు?"

"మీ నాన్న కూడా పొద్దున తినకుండానే బస్సెక్కాడు. ఆయన్నీ రాసుకో నీ పుస్తకంలో."

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఆయన తినకపోవడం బెంగ కాదు, ఆలస్యం. ఈ తేడా అమ్మకి చెప్పాలనుకున్నాను, ముఖం చూసి మానేశాను.

డిసెంబరు 6, శనివారం

ఆస్పత్రికి వెళ్ళాను. తాత నన్ను చూసి ఎడమ కంటితో ఎక్కువ నవ్వాడు. ఏం చెప్పబోయినా ఒకటే మాట వస్తోంది: "అదీ." అదీ అని మొదలుపెట్టి, అదీ అని ఆపి, తనమీద తనకే విసుగొచ్చి కళ్ళు మూసుకుంటున్నాడు. నేను సాయం చేద్దామని ఒక్కో మాటా అందించాను. నీళ్ళా? దిండా? నాన్నా? కిటికీ మూయాలా? నా దగ్గర ఇన్ని మాటలున్నాయి, ఆయనకి కావాల్సింది ఒక్కటీ అందులో లేదు.

తర్వాత ఒక పని చేశాడు. ఎడమ చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపు మంచం ఇనప కడ్డీకి ఆనించాడు. నా వంక చూశాడు. "అదీ?" అన్నాడు. మళ్ళీ ఆనించాడు. "అదీ?"

"చలిగా ఉందా తాతా?"

తల అడ్డంగా ఊపాడు. నేను నర్సుని పిలిచాను. ఆవిడ దుప్పటి తెచ్చి కప్పింది. దుప్పటి కింద నుంచి కూడా ఆ చెయ్యి బయటికొచ్చి కడ్డీని తాకింది.

"జ్వరం ఉందేమో చూడమంటున్నారమ్మా" అని నర్సు నుదురు చూసింది. జ్వరం లేదు.

వచ్చేముందు "గిరాకీ బాగుంది తాతా, బాగా తింటోంది" అని చెప్పాను. మంచాన ఉన్న మనిషికి అంతకన్నా ఏం చెప్తాం?

డిసెంబరు 8, సోమవారం

తినలేదు.

ముందుగదిలో చలి ఎక్కువైంది. శాలువా కప్పుకుని చదువుతున్నాను. పెన్ను పట్టుకుంటే వేళ్ళు కొయ్యబారుతున్నాయి. నిరుడు ఇదే నెలలో ఇక్కడే తాత పక్కన కూర్చుని లెక్కలు చేసినప్పుడు ఇంత చలి లేదు. ఈ ఏడు చలికాలం ముదిరింది.

డిసెంబరు 9, మంగళవారం

తినలేదు. సాయంత్రం ఐదు నుంచి ఐదూ నలభై దాకా గాజుపెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రతి ఐదు నిమిషాలకీ ఏం చేసిందో రాశాను. 5.00 కదల్లేదు. 5.05 కదల్లేదు. 5.10 కన్ను మూసింది. 5.15 తెరిచింది. 5.20 నన్ను చూసింది. 5.25 ఇంకా చూస్తోంది. మిగతావి రాయడం దండగ.

అమ్మ వంటగదిలోంచి తొంగి చూసి, "నువ్వలా పోలీసు కాపలా కాస్తే ఎవరికి తినబుద్ధేస్తుందే?" అంది.

డిసెంబరు 10, బుధవారం

తినలేదు. తోక సన్నబడింది. వేసవిలో అది చిన్న ముల్లంగిలా ఉండేది. తాత వేలితో నిమిరి "బ్యాంకు బాగుందిరా" అనేవాడు.

డిసెంబరు 11, గురువారం

ఈ పేజీ రాయకూడదనుకున్నాను.

కాలేజీ నుంచి వచ్చి దాన్ని బయటికి తీశాను. ఎంత తేలికో. ఖాళీ అగ్గిపెట్టెలా. వేలితో దాని దవడ పక్కన నెమ్మదిగా నొక్కితే నోరు తెరిచింది. తాత పట్టకారుతో ఒక పురుగుని లోపల పెట్టాను. మింగింది. నాకు సంతోషంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఒడుపు" అనుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

గంట తర్వాత చూస్తే పురుగు ఇసకలో పడి ఉంది, ముద్దగా, చెక్కుచెదరకుండా. గిరాకీ పెట్టె మూలకి నక్కి, ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది.

పట్టకారు కడిగి డబ్బాలో పెట్టేశాను. తాత పట్టకారుతో ఆ పని చేయకుండా ఉండాల్సింది.

డిసెంబరు 13, శనివారం

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బిస్కెట్ల డబ్బాకి మూతమీద చిల్లులు పొడిచి, అడుగున గుడ్డ పరిచి. బయట బెంచీమీద నా పక్కన ఒకావిడ ఒళ్ళో పిల్లి. పిల్లి నా డబ్బా వంకే చూస్తోంది.

"ఏముందమ్మా అందులో?"

"బల్లండీ."

ఆవిడ పిల్లితో సహా ఇవతలి బెంచీ నుంచి అవతలి బెంచీకి మారిపోయింది.

డాక్టరు పెద్దాయన, కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. నేను నవ్వుతాడేమో అని ముందే గబగబా చెప్పేశాను: మా తాత దీన్ని చూసుకునేవాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, అప్పట్నుంచి తినడం లేదు, ఇది బెంగ పెట్టుకుంది.

ఆయన నవ్వలేదు. "బెంగ పెట్టుకునేవి ఉంటాయమ్మా. కుక్క పెట్టుకుంటుంది. చిలక పెట్టుకుంటుంది. దీనికి మాత్రం ఒంట్లో పొయ్యి ఉండదు. వేడి బయట నుంచి తెచ్చుకోవాలి. ఒళ్ళు వేడెక్కితే తింటుంది, చల్లబడితే మానేస్తుంది. బలవంతంగా ఏమైనా పెట్టావా?"

"ఒకసారి."

"కక్కేసిందా?"

"ఆ."

"బతికిపోయింది. లోపల ఉండిపోతే అరక్క కుళ్ళేది." దాని తోక రెండు వేళ్ళ మధ్య పట్టి చూశాడు. "ఇందులో ఉన్నదే దాని నిల్వ. ఇంకో పది రోజులకి వస్తుందేమో. ఇంట్లో ఏమైనా మారిందా? పెట్టె చోటు, లైటు, ఏదైనా?"

"ఏం మారలేదండీ. తాత లేడు, అంతే."

అలాగే అన్నాను. అబద్ధం చెప్పాలని అనలేదు. నోటికి అదే వచ్చింది.

అప్పుడాయన ఒక పని చేశాడు. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపు నా బిస్కెట్ల డబ్బాకి ఆనించాడు.

"ఏం చూస్తున్నారండీ?"

"వేడి. అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది, దానికి తెలీదు. వెనక వైపుకి చటుక్కున తెలుస్తుంది. మీ తాత చూసేవాడు కాదూ ఇలా?"

చూసేవాడు. ప్రతి ఉదయం. షట్టరు ఎత్తి, లైటు వేసి, టీ తాగొచ్చి, చెయ్యి తిప్పి గాజుకి ఆనించేవాడు. ఆరేళ్ళు చూశాను. తలుపు గడియ పెట్టడం, కళ్ళజోడు తుడుచుకోవడం లాంటి పని అనుకున్నాను. పని అని కూడా అనుకోలేదు.

ఇంటికొచ్చి నేనూ చెయ్యి తిప్పి ఆనించాను. గాజు చల్లగా ఉంది. ఆస్పత్రి మంచం కడ్డీలా.

డిసెంబరు 14, ఆదివారం

మొదటి పేజీ చదివాను. "నా తెలివికి నాకే ముచ్చటేసింది."

బెంగ కాదు. నేను.

డిసెంబరు 15, సోమవారం

నిన్నటి నుంచి సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పెట్టె పక్కన ఆనించి పెడుతున్నాను. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చాలి. కాలేజీకి వెళ్ళలేదు. కడుపునొప్పి అని చెప్పాను. అమ్మ నమ్మిందో లేదో, వాము మాత్రం నమిలించింది.

పాత బల్బు సొరుగులో ఉంది. ఊపితే లోపల గలగలమంది. ఆ రోజు సొరుగులోకి విసిరింది నేనే.

మధ్యాహ్నం మూడు కరెంటు సామాన్ల షాపులు తిరిగాను. మొదటాయన, "పసుపు బల్బా? వేడొచ్చేదా? అమ్మా, వేడి రాకూడదనే కదా జనం మా దగ్గర కొనేది!" అన్నాడు. రెండో షాపులో అడగ్గానే లేవని చెయ్యి ఊపారు. మూడో షాపులో ముసలాయన చాలాసేపు నిచ్చెన ఎక్కి వెతికాడు. దుమ్ము మాత్రం దొరికింది. "మా షాపుక్కూడా అదే వెలుగు ఉండేదమ్మా ఒకప్పుడు" అని, అమ్మలేకపోయినందుకు ఆయనే నొచ్చుకున్నాడు.

రాత్రి అన్నాల దగ్గర నాన్న, "ఏమిటి మూడు రోజులుగా మాట్లాడవు? మాటలన్నీ పుస్తకంలో వేసేశావా?" అన్నాడు.

చెప్పేశాను. బల్బు సంగతి, డాక్టరు సంగతి. తాత చెయ్యి సంగతి మాత్రం చెప్పలేదు. 

నాన్న కంచం పక్కకి జరిపాడు. తిడతాడనుకున్నాను. "నా రూటు చివరి స్టాపులో కోడిపిల్లలమ్మే ఆవిడ ఉంది. పిల్లల మీద పసుపు బల్బులు వేలాడేసి ఉంటాయి. రేపు ఫస్టు ట్రిప్పులో ఎక్కు" అన్నాడు.

అమ్మ మాత్రం, "వాము వృథా అయింది" అంది.

డిసెంబరు 16, మంగళవారం

నాన్న బస్సులో ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను. చివరి స్టాపు చేరేసరికి బస్సులో నేనూ కండక్టరూ మిగిలాం.

షాపు లోపల రేకు కంచె, అందులో పసుపు ముద్దలు ముద్దలుగా కోడిపిల్లలు, వాటి మీద బల్బులు. ఆ వెలుగు చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. తాత కొట్టు వెలుగు అదే.

"ఎన్ని పిల్లలమ్మా నీవి?" అంది ఆవిడ.

"ఒక్కటేనండీ. కోడిపిల్ల కాదు. బల్లి."

"బల్లినా? కోడిపిల్లల లైటు కింద బల్లినా?" ఆవిడ నడుంమీద చెయ్యేసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పెట్టు, పెట్టు. రేపు తెల్లారి కూసిందంటే నాకు కబురు చెయ్యి."

అట్టపెట్టె విప్పి రెండు బల్బులు ఇచ్చింది, ఒకటి పోతే ఒకటి ఉంటుందని. పెట్టే పద్ధతి కూడా చెప్పింది. "పిల్లలు బల్బుకి దూరంగా జరిగితే వేడెక్కువైనట్టు. ఒకదానిమీద ఒకటి పడి గుంపు కడితే చాలనట్టు. అవే చెప్తాయి, మనం చూసుకోవాలంతే. నీది ఒక్కటే, పైగా మాటకారి కాదు. నువ్వే చెయ్యి పెట్టి చూసుకో."

చెయ్యి ఎటువైపు పెట్టాలో నాకు తెలుసు అని చెప్పలేదు.

తొమ్మిదింటికి బల్బు బిగించాను. పదింటికి గాజు వెచ్చబడింది. గదికి గదే మారిపోయింది. నూనె వాసన, ఇత్తడి వాసన లేచాయి. ఇన్నాళ్ళూ ఆ వాసన తాతదనుకున్నాను. వేడెక్కిన బల్లది.

పుస్తకాలు వంటింటి బల్ల మీదికి మార్చేశాను.

డిసెంబరు 18, గురువారం

మూడు రోజులు తిండి పెట్టొద్దన్నాడు పశువుల డాక్టరు, ముందు ఒళ్ళు వేడెక్కాలి. రోజూ ఒకసారి పళ్ళెంలో నులివెచ్చటి నీళ్ళు, దాని పొట్ట తడిసేంత, పది నిమిషాలు.

మాట: నులివెచ్చ. ముందు దీన్ని వేళ్ళ వెనక నేర్చుకున్నాను. పుస్తకంలోకి ఇప్పుడొచ్చింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. తాత నన్ను చూడగానే చెయ్యి తిప్పి కడ్డీకి ఆనించాడు. "అదీ?"

"వెచ్చగా ఉంది తాతా."

ఆయన ముఖం ఎలా విప్పారిందంటే, ఇరవై రోజులుగా అందరూ వేరే భాష మాట్లాడుతుంటే చివరికి ఒకళ్ళకి అర్థమైనట్టు. తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి వదిలాడు.

వెచ్చగా ఉంది. అందులో అబద్ధం లేదు. రెండు రోజుల నుంచే అన్న మాట కూడా లేదు. మాట చేర్చకపోవడం కూడా ఒక ఒడుపే. ఈ ఒడుపు నాకు ఇంత తొందరగా ఎలా అబ్బిందో.

డిసెంబరు 19, శుక్రవారం

రెండు చిన్న పురుగులు పెట్టాను. తినలేదు. కానీ పురుగు కదిలితే తల తిప్పింది.

డిసెంబరు 20, శనివారం

తినలేదు. నీళ్ళు నాకింది. నాలుక గులాబీ రంగు. ఆరేళ్ళలో ఇప్పుడే చూశాను.

డిసెంబరు 21, ఆదివారం

తినలేదు. డాక్టరు చెప్పిన పది రోజుల్లో ఎనిమిది అయిపోయాయి. తోక పెన్సిలంత ఉంది.

తాతని మంగళవారం ఇంటికి పంపిస్తారట. అమ్మ ముందుగది తుడిచి, మంచం అక్కడే వేసింది, బల్ల కనిపించేలా. మంగళవారం తాత వచ్చి చూసేసరికి ఆ గాజుపెట్టెలో ఏముంటుంది?

డిసెంబరు 22, సోమవారం

ఇవాళ కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ చపాతీ పిండి చేతులతోనే వచ్చి, నా కుర్చీ పట్టుకుని అటు తిప్పేసింది, నాతో సహా.

"మీ తాత ఇలా ఎప్పుడైనా కూర్చున్నాడా? గిన్నె పెట్టి, వెనక్కి తిరిగి, ఆ భూతద్దం కంటికి తగిలించుకుని పనిలో పడేవాడు. 'దానికి మొహమాటమమ్మా' అనేవాడు నాతో. 'తినేవాళ్ళ మొహం చూడకూడదు' అని. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో కూడా అంతే. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, మామయ్యగారికి కొట్లో ఏదో అర్జంటు పని గుర్తొచ్చేది. నేను కడుపు నిండా తిన్నది అందుకే."

అమ్మ ఇంతసేపు మాట్లాడటం ఈ నెలలో ఇదే మొదలు. పిండి ఎండిపోతున్నా నిలబడి చెప్పింది.

అలాగే వెనక్కి తిరిగి కూర్చున్నాను. గోడ గడియారం వంక చూస్తూ. చీటీ వంక చూస్తూ. పది నిమిషాలు. పావుగంట. గిన్నె దగ్గర టక్‌మని చిన్న చప్పుడైంది. గోరు గాజుకి తగిలినంత. నేను తిరగలేదు. కొంతసేపటికి ఇంకో టక్.

అమ్మ పిలిస్తే లేచాను, అప్పుడు చూశాను. గిన్నెలో పురుగులు లేవు. గిరాకీ బల్బు కింద రాయిమీద బోర్లా పడుకుని, ఏమీ ఎరగనట్టు ఉంది.

మాట రాయను ఇవాళ.

డిసెంబరు 23, మంగళవారం

తాత వచ్చాడు. నాన్న, పక్కింటాయన కుర్చీతో సహా ఎత్తుకుని గడప దాటించారు. మంచం మీద పడుకోబెట్టబోతే తాత వద్దన్నట్టు చెయ్యి ఊపి, బల్ల వైపు చూపించాడు. కుర్చీ అక్కడికి జరిపారు.

ఎడమ చెయ్యి తిప్పి గాజుకి ఆనించాడు. చాలాసేపు ఉంచాడు. తర్వాత వంగి లోపలికి చూశాడు. తోక చూశాడు. నా వంక చూశాడు.

నాన్న, పక్కింటాయన టీ తాగడానికి లోపలికెళ్ళారు. ఇదే సమయం అనుకున్నాను. ఎన్ని వాక్యాలు తయారు చేసి పెట్టుకున్నానో. ఒక్కటీ రాలేదు.

"నేనే తాతా. బల్బు నేనే మార్చాను. నువ్వు వెళ్ళిన నాలుగో రోజున. చదువుకోడానికి. పదిహేను రోజులు చల్లగానే ఉంది. నువ్వు అడిగావు. నేను... నీకు చలేస్తోందనుకున్నాను. బాగా తింటోందని చెప్పాను. అది కూడా అబద్ధమే."

తాత "అదీ" అన్నాడు. ఆగాడు. పెదవులు ఏదో మాటకోసం వెతుకుతున్నాయి. ఈసారి నేను ఏ మాటా అందించలేదు.  

మాట రాలేదు. చెయ్యి వచ్చింది. నన్ను వంగమని సైగ చేసి, ఎడమ చేత్తో నా నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. చిన్నప్పుడు కుడి చేత్తో వేస్తే బుర్ర గింగిరాలు తిరిగేది. ఇది ఎక్కడ తగిలిందో కూడా తెలియలేదు.

ఇంకొకటి వెయ్యి తాతా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఒక తప్పుకి ఒకటే. చిన్నప్పటి లెక్కే.

డిసెంబరు 25, గురువారం

గిరాకీ మూడు తింది.

తాత ఏమీ తినడం లేదు. ఆస్పత్రిలో కూడా అంతేనట, ముక్కులోంచి తిండికి వేసిన గొట్టం తీశాక నాలుగు చెంచాలకి మించలేదట. అమ్మ మెత్తగా జావలా చేసి తెస్తోంది. కుడివైపు పెదవి పట్టు లేదు, ఆ పక్క నుంచి కారిపోతుంది. అమ్మ తుడుస్తుంది. నాన్న "ఇంకొక్క చెంచా నాన్నా, ఒక్కటి" అంటాడు, బస్సు ఎక్కేవాళ్ళని లోపలికి జరగమన్నట్టు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడతాను. మేం ముగ్గురం చుట్టూ చేరి ఆయన నోటి వంకే చూస్తాం. తాత రెండు చెంచాలు మింగి నోరు బిగించేస్తాడు.

ఆస్పత్రి డాక్టరు ఫోన్లో, "తినకపోతే మళ్ళీ గొట్టమే, వారం చూద్దాం" అన్నాడు. మళ్ళీ ఆ మాట.

డిసెంబరు 27, శనివారం

రెండు చెంచాలు. ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు.

గోడవైపు.

డిసెంబరు 28, ఆదివారం, సాయంత్రం

అమ్మని వంటింట్లోకి పంపేశాను. నాన్నని బస్సు కడగడానికి పంపించాను. ఆదివారం డిపోలో కడుగుతారని ఆయనే అన్నాడు, "నేను కడగాలా?" అని మాత్రం అడిగాడు. "ఎవరో ఒకళ్ళు కడగాలి కదా" అన్నాను. నా ముఖం చూసి చెప్పులేసుకున్నాడు.

తాత కుర్చీ బల్ల పక్కనే ఉంది. గిన్నె ఆయన ఎడమ చేతి దగ్గర పెట్టాను, చెంచా పిడి ఆయన వైపు తిప్పి. తువ్వాలు ఒళ్ళో వేశాను. గిరాకీ గిన్నెలో మూడు పురుగులు వేశాను. "నాకు చాలా రాసుకునే పని ఉంది తాతా" అని చెప్పి, కుర్చీ వాళ్ళిద్దరికీ వీపు వచ్చేలా తిప్పుకుని, ఈ పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇప్పుడు అక్కడి నుంచే రాస్తున్నాను.

వెనక ఏ చప్పుడూ లేదు. గోడ గడియారం ఒక్కటే. పసుపు వెలుగు నా భుజం మీంచి కాగితం మీద పడుతోంది. నిద్రొచ్చే వెలుగే, కానీ నిద్ర రావడం లేదు.

ఐదు నిమిషాలు. నేను తిరగను.

పెన్ను ఆపితే తాతకి వినిపిస్తుంది. ఆయన చెవి గడియారాల చెవి, ఏది ఆగినా పట్టేస్తుంది. ఆగితే నేను వింటున్నానని తెలిసిపోతుంది. అందుకే ఏదో ఒకటి రాస్తూ ఉండాలి. ఏం రాయను? మాటలు రాస్తాను. ఒడుపు. మందకొడి. నులివెచ్చ. మొహమాటం. పట్టకారు. చీటీ. ఇసక.

టక్. అది గిరాకీ.

ముల్లంగి. వాము. శాలువా. నిచ్చెన. కోడిపిల్ల. నిల్వ. మొట్టికాయ. మొట్టికాయ. మొట్టికాయ.

చెంచా గిన్నెకి తగిలింది.

రాస్తున్నాను తాతా, రాసుకుంటూనే ఉన్నాను, నా పని నాకుంది. ఇత్తడి. షట్టరు. అగ్గిపెట్టె. బిస్కెట్ల డబ్బా. చివరి స్టాపు. మళ్ళీ చెంచా. ఏదో కారినట్టుంది, తువ్వాలు తీసిన చప్పుడు, ఆయనే తుడుచుకున్నాడు. చెంచా. మాటలు అయిపోతున్నాయి, ఉన్నవే మళ్ళీ రాస్తున్నాను. ఒడుపు, నులివెచ్చ, ఒడుపు. చెంచా. నులివెచ్చ. చెంచా. గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు. ఒడుపు, ఒడుపు, ఒడు